917 బంతులు వేసిన మన తెలుగువాడు

ఆదివారం హాస్టల్ వెనుక క్రికెట్ మొదలైతే బ్యాటు కోసం అందరం కొట్లాడుకునేవాళ్ళం. మామిడికాయల మీదికి రాళ్ళు విసరడంలో మొనగాళ్ళైనా సరే, ఎండలో బౌలింగ్ వేయమంటే ఒక్కడూ ముందుకొచ్చేవాడు కాదు. అందుకే ఒక బౌలర్ గురించి రాస్తున్నాను.

ఆయన కొఠారి సుబ్బన్న నాయుడు. క్రికెట్ లోకానికి సి.ఎస్. నాయుడు. 1914 ఏప్రిల్ 18న నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టారు. వారి పూర్వీకులది మన బందరే అంటారు. 1932లో భారతదేశపు మొదటి టెస్టుకు కెప్టెన్‌గా ఉన్న సి.కె. నాయుడు ఈయనకు స్వయానా అన్నగారు, పద్దెనిమిదేళ్ళు పెద్ద. అంత పేరున్న అన్న ఉంటే తమ్ముడికి లాభమా, నష్టమా? రెండూ అనే నాకనిపిస్తుంది.

తమ్ముడు లెగ్ స్పిన్ వేసేవారు. అదే చేతి ఊపుతో మణికట్టు తిప్పి గూగ్లీ కూడా వేసేవారు. 1942-43లో బరోడా తరఫున ఒకే రంజీ సీజన్‌లో 40 వికెట్లు తీశారు. అంతకు ముందు ఎవరూ అన్ని తీయలేదు.

ఇక 1945 మార్చి. బొంబాయిలో రంజీ ఫైనల్. హోల్కర్ జట్టుకు అన్నగారు కెప్టెన్. బొంబాయి మొదట 462, తర్వాత 764 పరుగులు కొట్టింది. అన్న బంతి ఇస్తూనే ఉన్నారు, తమ్ముడు వేస్తూనే ఉన్నారు. మొదటి ఇన్నింగ్స్‌లో 64.5 ఓవర్లు, రెండో దానిలో 88 ఓవర్లు. మొత్తం 917 బంతులు, 428 పరుగులు, 11 వికెట్లు. మన గ్రౌండులో నాలుగు ఓవర్లకే భుజం పట్టేసిందనే మిత్రులు ఈ లెక్క మళ్ళీ ఒకసారి చదవాలి! ఇంత చేసినా హోల్కర్ 374 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఆ మరుసటి సీజన్‌లో మాత్రం ట్రోఫీ హోల్కర్‌దే.

టెస్టుల్లో ఆయనకు కలిసిరాలేదు. 1934 నుంచి 1952 వరకు 11 టెస్టులాడి తీసినవి రెండే వికెట్లు. ఈ అంకె ఒక్కటే చూసి ఆయనను తీసిపారేసేవాళ్ళున్నారు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ఆయన తీసిన 647 వికెట్లు వాళ్ళకు కనపడవు కాబోలు.

టెస్టులు పోయాయని ఆట మానలేదు. 1960-61లో నలభై ఆరేళ్ళ వయసులోనూ ఫస్ట్ క్లాస్ మ్యాచ్ ఆడారు. 2002 నవంబర్ 22న ఇండోర్‌లో కన్నుమూశారు. ఒక్క ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లో 917 కంటే ఎక్కువ బంతులు వేసినవారు ప్రపంచంలో ఇంతవరకు లేరు.