పాత కారుకు డీజిల్ ఇంజన్ వేసిన డ్రైవర్: క్లెసీ కమిన్స్



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి ప్రోగ్రెస్ కార్డు చేత్తో పట్టుకుని నన్ను ఒక ప్రశ్న అడిగారు. వాళ్ల అబ్బాయి సాయంత్రమైతే చాలు, మెకానిక్ షెడ్డు దగ్గరే ఉంటున్నాడట. ఇంట్లో కాలిపోయిన నీళ్ల మోటారును విప్పి మళ్లీ బిగించాడట. మార్కులు మాత్రం తగ్గాయి. వాణ్ణి ఎలా దారిలో పెట్టాలో చెప్పమన్నారు. ముందు చదువు మీద దృష్టి పెట్టించండని చెప్పి పంపించేశాను. వెనకాల లైన్లో ఇంకా చాలామంది ఉన్నారు. కానీ ఇంటికి వెళ్లాక నా జవాబు నాకే నచ్చలేదు. అందుకే ఈ నెల మీకు ఒక మనిషి జీవితం చెబుతాను.

ఆయన పేరు మీకు కొత్తేమీ కాదు. హైవే మీద ట్రక్కుల ఇంజన్ల మీద, అపార్ట్‌మెంట్ల కింద ఉండే జనరేటర్ల మీద కమిన్స్ అనే పేరు చూసే ఉంటారు. అది ఒక మనిషి ఇంటిపేరు. క్లెసీ కమిన్స్ 1888లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పుట్టాడు. వ్యవసాయ కుటుంబం. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. కానీ యంత్రాల మీద మోజు చిన్నప్పుడే పట్టుకుంది. కుర్రవాడిగా ఉన్నప్పుడే ఒక ఆవిరి యంత్రాన్ని సొంతంగా తయారు చేశాడు.

పెద్దయ్యాక కొలంబస్ అనే చిన్న ఊళ్లో విలియం ఇర్విన్ అనే బ్యాంకరు దగ్గర కారు డ్రైవరుగా చేరాడు. కారు నడపడమూ ఆయన పనే, రిపేరూ ఆయన పనే. ఇర్విన్ ఆ కుర్రవాడి చేతిపని గమనించాడు. సొంతంగా మెషిన్ షాపు పెట్టుకోవడానికి సాయం చేశాడు. మన వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం మొదలైంది 1918లో. ఆ మరుసటి ఏడాదే, అంటే 1919 ఫిబ్రవరిలో, అక్కడ కమిన్స్ ఇంజన్ కంపెనీ మొదలైంది. పెట్టుబడి ఇర్విన్‌ది, పనితనం క్లెసీది.

ఇక్కడ ఒక చిన్న సైన్స్ పాఠం. పెట్రోల్ ఇంజన్‌లో గాలి, పెట్రోల్ కలిసిన మిశ్రమాన్ని స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వతో అంటిస్తుంది. డీజిల్ ఇంజన్‌లో ఆ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లో గాలిని విపరీతంగా నొక్కుతారు. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కడం మీరు గమనించే ఉంటారు. అదే సూత్రం. అలా కాగిన గాలిలోకి డీజిల్ చిమ్మితే దానంతట అదే మండుతుంది. ఇంధనం తక్కువ ఖర్చవుతుంది. కానీ అంత ఒత్తిడి తట్టుకోవాలంటే ఇంజన్ దిట్టంగా ఉండాలి, అంటే బరువు పెరుగుతుంది. అందుకే ఆ రోజుల్లో డీజిల్ ఇంజన్లు ఓడల్లో, బోట్లలో, ఫ్యాక్టరీల్లో తప్ప కార్లలో కనిపించేవి కావు.

క్లెసీ కంపెనీకి మొదటి దెబ్బ త్వరగానే తగిలింది. రైతులకు అమ్మడానికి సియర్స్ అనే పెద్ద వ్యాపార సంస్థ ఆయన దగ్గర చిన్న ఇంజన్లు తీసుకుంది. నచ్చకపోతే వాపసు ఇవ్వొచ్చని కొనేవాళ్లకు హామీ ఉంది. చాలామంది వాడుకున్నన్నాళ్లు వాడుకుని తిరిగి పంపించేశారు. నష్టం మీద నష్టం. తర్వాత బోట్లకు ఇంజన్లు చేసి నెట్టుకొచ్చారు. ఇంతలో 1929 అక్టోబరులో అమెరికా స్టాక్ మార్కెట్ కూలింది. బోట్లు కొనేవాళ్లే లేకుండా పోయారు. పదేళ్లుగా డబ్బు పోస్తున్న ఇర్విన్ ఇక కంపెనీ మూసేసే ఆలోచనలో పడ్డాడు.

అప్పుడు క్లెసీ చేసిన పని చూడండి. ఒక పాత ప్యాకార్డ్ కారు తెచ్చాడు. దాని పెట్రోల్ ఇంజన్ పీకేసి, బోట్ల కోసం చేసిన తమ డీజిల్ ఇంజన్‌ను అందులో ఇరికించాడు. మన ప్రాంతంలోనూ పెట్రోల్ అంబాసిడర్లకు డీజిల్ ఇంజన్ వేయించి ట్యాక్సీలుగా తిప్పినవాళ్లను మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. అది ఎంత తలనొప్పి పనో వాళ్లకు తెలుసు. కొత్త ఇంజన్ పట్టాలి, గేర్‌బాక్స్‌తో కలవాలి, బరువుకు ముందు స్ప్రింగులు కుంగకూడదు, అదురు తట్టుకోవాలి. (ఇప్పుడైతే మన దేశంలో ఇంజన్ రకం మార్చాలంటే ఆర్టీవో అనుమతి తప్పనిసరి. పిల్లలు మీ బండి మీద ప్రయోగం మొదలుపెట్టకముందే చెబుతున్నాను.)

1929 క్రిస్మస్ రోజున క్లెసీ ఆ కారులో ఇర్విన్‌ను ఎక్కించుకుని తిప్పాడు. ఒకప్పుడు జీతానికి నడిపినట్టే ఆ రోజూ ఆయన్ను కూర్చోబెట్టుకుని నడిపాడు. లెక్కల కాగితాలు చూపించి ఒప్పించే దశ దాటిపోయింది. కారు దిగిన ఇర్విన్ కంపెనీని మూయలేదు. మళ్లీ డబ్బు పెట్టడానికి ఒప్పుకున్నాడు.

కొద్ది రోజులకే, 1930 జనవరిలో, క్లెసీ అదే కారులో న్యూయార్క్ ఆటో షోకు బయలుదేరాడు. దాదాపు 800 మైళ్లు, అంటే సుమారు 1,280 కిలోమీటర్లు. దారి పొడవునా అయిన ఇంధనం ఖర్చు 1 డాలరు 38 సెంట్లు. పేపర్లు ఆ సంగతి రాశాయి. మరుసటి ఏడాది కమిన్స్ డీజిల్ కారు ఇండియానాపోలిస్ 500 మైళ్ల పందెంలో దిగింది. గెలవలేదు, 13వ స్థానం వచ్చింది. కానీ 500 మైళ్లూ ఒక్కసారి కూడా ఆగకుండా పరుగెత్తింది. ఆ పందెంలో అలా చేసిన మొదటి కారు అదే.

తర్వాత టర్బో వచ్చింది. ఇంజన్ వదిలే పొగ ఊరికే గాలిలో కలిసిపోకుండా, దాని వేగంతోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పుతారు. ఆ చక్రం బయటి గాలిని ఇంజన్‌లోకి ఎక్కువగా నెడుతుంది. గాలి ఎక్కువైతే ఇంధనమూ ఎక్కువ మండుతుంది, అదే సైజు ఇంజన్‌కు బలం పెరుగుతుంది. 1952లో కమిన్స్ టర్బో డీజిల్ కారు అదే ఇండియానాపోలిస్‌లో అర్హత పరుగుల్లో గంటకు 138 మైళ్లతో పరుగెత్తి ముందు వరుసలో మొదటి చోటు సంపాదించింది. ఆ కారు తయారీ క్లెసీ తమ్ముడు డాన్ కమిన్స్ ఆధ్వర్యంలో జరిగింది. అసలు పందెంలో మాత్రం గాలి లోపలికి వెళ్లే దారిలో ట్రాక్ మీది చెత్త నిండిపోయి 71 రౌండ్ల దగ్గర ఆగిపోయింది. పదేళ్ల తర్వాత, 1962లో, పుణెలో కిర్లోస్కర్ కమిన్స్ మొదలై ఆ పేరు మన దేశానికీ వచ్చింది.

ఇంకొక్క సంగతి. 1931లో క్లెసీ డీజిల్ ట్రక్కులో అమెరికాను ఈ చివరి నుంచి ఆ చివరికి దాటుతుండగా, కాలిఫోర్నియాలో ఒక కనుమ దిగేటప్పుడు బ్రేకులు పట్టలేదు. కింద రైల్వే గేటు దగ్గర రైలు వెళుతోంది. వెంట్రుకవాసిలో బతికారు. ఆ భయాన్ని ఆయన మరచిపోలేదు. రిటైరయ్యాక, వాలులో ఇంజన్‌తోనే బండి వేగాన్ని తగ్గించే బ్రేకును కనిపెట్టాడు. 1961లో అది మార్కెట్‌లోకి వచ్చింది. 1968లో ఆయన కన్నుమూశాడు.

చదువు ఆగిపోయినా పైకొచ్చాడు చూడండి అని చెప్పడానికి ఈ కథ రాయలేదు. నేను టీచర్ని, అలా చెప్పను. క్లెసీకి దొరికినట్టు ఇర్విన్ అందరికీ దొరకడు. కమిన్స్ కంపెనీ మొదటిసారి లాభం చూసింది 1937లో. అంటే 18 ఏళ్లు. ఒక్క ప్రోగ్రెస్ కార్డు చూసి తీర్పు చెప్పే నాలాంటి వాళ్లు ఆ 18 ఏళ్ల గురించి ఆలోచించాలి. ఇర్విన్ డబ్బు ఇచ్చాడు, నిజమే. దానికంటే ముందు ఆ కుర్రవాడి చేతులు ఏం చేస్తున్నాయో చూశాడు. మూసేద్దామనుకున్న రోజున కూడా కారెక్కి కూర్చుని చూశాడు.

కాబట్టి ఆ రోజు నన్ను అడిగిన తండ్రిగారికి నా రెండో జవాబు ఇది. వచ్చే మీటింగ్‌కు ఆ మోటారును, మీ అబ్బాయిని వెంటబెట్టుకుని రండి. ఏ భాగం ముందు విప్పాడో, ఎక్కడ తికమకపడ్డాడో, ఎలా బిగించాడో అతనే చెబుతాడు, మనిద్దరం కూర్చుని విందాం. తర్వాత అదంతా వరుసగా ఇంగ్లీషులో ఒక పేజీ రాయిస్తాను. ఈ టర్మ్‌లో అతని రైటింగ్ అసైన్‌మెంట్ అదే. లైన్లో ఎంతమంది ఉన్నా సరే, ఈసారి తొందరపెట్టను.