తెల్లారేలోపు రాసిన ‘పింగ్’

ఆన్‌లైన్ గేమ్ మధ్యలో పింగ్ 200 దాటిందని ఫోన్ విసిరికొట్టబోయారా? ఖాళీ అయ్యాక పింగ్ చెయ్యమని టీమ్ లీడ్ మెసేజ్ పెట్టారా? ఈ మాట మనం రోజూ వాడేస్తుంటాం. దీని వెనకున్న మనిషి పేరు మాత్రం మన సిలబస్‌లో ఎక్కడా కనిపించదు. ఆయన మైక్ మ్యూస్. పింగ్ రాసేనాటికి ఆయనకు 25 ఏళ్లు. అంటే ఇంచుమించు మీ వయసే.

1958 అక్టోబరు 16న పుట్టిన మ్యూస్, జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో చదువుకున్నారు. తర్వాత మేరీలాండ్ రాష్ట్రంలోని అబర్డీన్‌లో అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ లేబొరేటరీలో చేరారు. కాలేజీ రోజుల్లో సోనార్, రాడార్ వ్యవస్థల మోడలింగ్ మీద చాలా పనిచేశారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1983 జులైలో నార్వేలో ఒక సాంకేతిక సమావేశం జరిగింది. అక్కడ డేవిడ్ మిల్స్ అనే శాస్త్రవేత్త మాటల మధ్యలో ఒక విషయం చెప్పారు. తన దగ్గరున్న కంప్యూటర్ల నుంచి ఎకో ప్యాకెట్లు పంపి, అవి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతోందో కొలుస్తున్నానన్నారు. మ్యూస్ విన్నారు, అంతే.

అదే ఏడాది డిసెంబరులో ల్యాబ్ నెట్‌వర్క్ తిక్కతిక్కగా ప్రవర్తించడం మొదలెట్టింది. తప్పు ఎక్కడుందో తెలియదు. మ్యూస్‌కి మిల్స్ మాట గుర్తొచ్చింది. ఇక్కడ ఆయనకు కలిసొచ్చిన విషయం ఒకటుంది. ఎకో రిక్వెస్ట్ వస్తే అందులోని డేటాను ఉన్నదున్నట్టు తిప్పి పంపాలని 1981లోనే ఐసీఎంపీ ప్రోటోకాల్‌లో రాసిపెట్టారు. అంటే జవాబు చెప్పే ఏర్పాటు ముందే ఉంది. అడిగే ప్రోగ్రామే కావాలి. దాన్ని ఆయన గబగబా రాసేశారు. కంపైల్ కూడా అయింది. కానీ పనిచేయలేదు! రా ఐసీఎంపీ సాకెట్లకు యూనిక్స్ కెర్నల్‌లో అసలు సపోర్టే లేదు. మనమైతే అక్కడితో లాప్‌టాప్ మూసేసి పడుకుంటాం. మ్యూస్‌కి మాత్రం ఒళ్లు మండింది. కూర్చుని కెర్నల్ కోడ్ కూడా తనే రాశారు. సూర్యోదయానికి చాలా ముందే అంతా సిద్ధమైంది.

తీరా చూస్తే, ఆయన మొదటి ప్యాకెట్ పంపేలోపే సహోద్యోగి ఒకరు పాడైన హార్డ్‌వేర్‌ను కనిపెట్టి బాగుచేసేశారు. ఏ సమస్య కోసం ఆ రాత్రంతా మేలుకున్నారో, ఆ సమస్యే లేకుండా పోయింది.

అయినా మ్యూస్ ఆ కోడ్‌ను పక్కన పడేయలేదు. బర్కిలీ యూనిక్స్ బృందానికి పంపారు. వాళ్లు ప్రోగ్రామ్‌నూ, కెర్నల్ మార్పులనూ సంతోషంగా తీసుకున్నారు. ఉచితం కాబట్టి అక్కడి నుంచి ఎన్నో సిస్టమ్‌లకు పాకింది, విండోస్‌తో సహా. పేరు సంగతేమిటంటారా? జలాంతర్గామి సోనార్ చేసే శబ్దం అది. నీళ్లలోకి ఒక శబ్దం వదిలి, ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గడం. ఆ నాలుగు ఇంగ్లిష్ అక్షరాలకు ఎవరో తర్వాత పెద్ద విస్తరణ తగిలించారు కానీ, అది ఆయన ఉద్దేశం కాదు.

నా సంగతి ఒకటి చెప్పాలి. ఫైనలియర్‌లో ఒక ఇంటర్వ్యూలో పింగ్ ఏ పోర్టు వాడుతుందని అడిగారు. నేను ధీమాగా 80 అన్నాను. ఎదురుగా ఉన్నాయన నవ్వి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. నా ఉద్యోగం కూడా అలాగే వెళ్లిపోయింది. ఐసీఎంపీకి పోర్టులే ఉండవు. ఆ ప్రశ్న మీకూ రావచ్చు.

ఈసారి నెట్ ఆగినప్పుడు రౌటర్ స్విచ్ దగ్గరకు పరిగెత్తకుండా కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ముందు 127.0.0.1ని పింగ్ చేయండి. అది మీ కంప్యూటర్ తనను తాను పలకరించుకోవడం. జవాబొస్తే మీ రౌటర్ అడ్రస్ ఇవ్వండి. అదీ పలికితే బయటకెళ్లి 8.8.8.8. అక్కడిదాకా బాగుండి, ఏదైనా సైట్ పేరు ఇస్తే మాత్రం హోస్ట్ దొరకలేదంటే, లోపం లైన్‌లో కాదు, పేరును అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్‌లో ఉండొచ్చు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పగలిగితే సగం టైమ్ మిగులుతుంది. ఇంకోటి, రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అని వచ్చినంత మాత్రాన అవతలి సర్వర్ చచ్చిపోయిందని అనుకోకండి. చాలా ఫైర్‌వాల్స్ పింగ్‌కి జవాబివ్వకుండా ఆపేస్తాయి. తలుపు తీయనంత మాత్రాన ఇంట్లో ఎవరూ లేరని కాదు కదా!

మ్యూస్‌కి బాగా నచ్చిన కథ ఒకటుంది. ఒక నెట్‌వర్క్ అడ్మిన్‌కి కేబుల్ ఎక్కడో లూజుగా ఉంది, దొరకడం లేదు. ఆయన పింగ్‌ను మాట్లాడే ప్రోగ్రామ్‌కి కలిపి, సౌండ్ పెంచేశారు. జవాబొచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ పింగ్ అని అరుస్తుంది. బిల్డింగ్ అంతా తిరుగుతూ ఒక్కో కనెక్టర్‌నూ కదిపి చూశారు. అరుపు ఆగిన చోట దొంగ దొరికాడు.

నిజానికి మ్యూస్ ఏళ్ల తరబడి చెమటోడ్చింది పింగ్ కోసం కాదు. సైనిక వాహనాలను త్రీడీలో మోడల్ చేసి విశ్లేషించే బీఆర్ఎల్-క్యాడ్ సాఫ్ట్‌వేర్‌కు ఆయనే నాయకుడు. జీవితంలో ఎక్కువ భాగం దానికే పోయింది. పేరు తెచ్చింది మాత్రం ఆ ఒక్క రాత్రి. ఇదే తన అతిపెద్ద ఘనత అవుతుందని ముందే తెలిస్తే, ఇంకో రోజో రెండు రోజులో కూర్చుని మరికొన్ని ఆప్షన్లు చేర్చేవాణ్నని ఆయనే సరదాగా చెప్పుకొన్నారు.

2000 నవంబరు 20న మేరీలాండ్‌లో హైవే మీద జరిగిన కారు ప్రమాదంలో మ్యూస్ చనిపోయారు. వయసు 42. బీఆర్ఎల్-క్యాడ్ ఓపెన్ సోర్స్ అయింది 2004 డిసెంబరులో. ఇప్పుడు ఎవరైనా దాని కోడ్ దించుకుని చూడొచ్చు.