సిండ్రెల్లాకు రంగులద్దిన మేరీ

సిండ్రెల్లా కథ వినకుండా పెరిగిన ఆడపిల్లలు తక్కువ. సవతి తల్లి, ఇద్దరు సవతి అక్కలు, ఒళ్ళు విరిగే చాకిరీ, గుమ్మడికాయ బండి, గాజు చెప్పు. మన అమ్మమ్మలు చెప్పిన సవతి తల్లికీ ఈ కథలోని సవతి తల్లికీ పెద్ద తేడా లేదు కాబట్టే కాబోలు, ఎక్కడి కథో అయినా మన ఇళ్ళల్లో చుట్టంలా కలిసిపోయింది. ఆ కథను వాల్ట్ డిస్నీ సంస్థ పాటలతో నిండిన బొమ్మల సినిమాగా తీసి 1950లో విడుదల చేసింది. ఆ సినిమా అభిమానులు ఇన్నేళ్ళయినా వాదించుకుంటూనే ఉన్నారు. పాటలే ప్రాణమంటారు కొందరు. కాదు, ఆ రంగులూ ఆ మేడలూ చూడమంటారు ఇంకొందరు. రంగుల దాకా వచ్చిందంటే మాత్రం ఒక స్త్రీ పేరు తప్పకుండా వినిపిస్తుంది. ఆమె మేరీ బ్లెయిర్.

తెర మీద నడిచే సిండ్రెల్లాను గీసింది ఆమె కాదు. పాటలు కట్టిందీ పాడిందీ ఆమె కాదు. అయినా ఆమె లేకపోతే మనం చూసిన సిండ్రెల్లా వేరేగా ఉండేది. అదెలాగో తెలుసుకోవాలంటే ఆమె జీవితం తెలుసుకోవాలి.

తిండి పెట్టని కళ

మేరీ పుట్టింది 1911 అక్టోబర్ 21న, అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో మెక్‌ఆలెస్టర్ అనే ఊళ్ళో. పుట్టింటి పేరు రాబిన్సన్. ఆమె చిన్నతనంలోనే కుటుంబం టెక్సాస్‌కూ, అక్కడినుంచి కాలిఫోర్నియాకూ వెళ్ళింది. డబ్బున్న ఇల్లు కాదు. పిల్లకి మాత్రం బొమ్మలంటే ప్రాణం. శాన్‌హోసేలో కాలేజీ చదువు మధ్యలో ఉండగా లాస్ ఏంజెలెస్‌లోని షూనార్డ్ కళాశాలలో స్కాలర్‌షిప్ దొరికింది. తోటి విద్యార్థి లీ బ్లెయిర్ అక్కడే పరిచయమయ్యాడు. ఆ రోజుల్లో ఒలింపిక్స్‌లో చిత్రకళకూ పోటీలుండేవి. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో నీటిరంగుల చిత్రానికి బంగారు పతకం గెలిచినవాడు లీ. 1934లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు.

ఇద్దరిదీ ఒకే కల. తమ చిత్రాలు గోడలకెక్కాలి, ప్రదర్శనలు జరగాలి. కానీ అది అమెరికా అంతా ఆర్థిక మాంద్యంలో కొట్టుకుపోతున్న కాలం. తిండికే కటకటగా ఉంటే చిత్రాలు కొనేదెవరు? ఇష్టం ఉన్నా లేకపోయినా ఇద్దరూ కార్టూన్ సినిమాల కంపెనీల్లో చేరారు. 1940లో మేరీ డిస్నీలో అడుగుపెట్టింది.

అప్పట్లో కార్టూన్ స్టూడియోల్లో ఆడవాళ్ళకు దొరికే పని చాలావరకు ఒక్కటే. మగవాళ్ళు గీసిన బొమ్మలను పారదర్శకమైన రేకుల మీదికి ఎక్కించి, వాళ్ళు చెప్పిన రంగులు నింపడం. మేరీకి అంతకంటే మెరుగైన పనే వచ్చింది. సినిమా తీయకముందు, కథ ఎలా కనిపించాలో ఊహించి బొమ్మలు వేసే పని. అయినా ఆమె మనసు అక్కడ నిలవలేదు. ఎంత వేసినా అది వేరొకరి సినిమా కోసమే కదా అనిపించింది కాబోలు, ఏడాది తిరిగేసరికి 1941లో ఉద్యోగం మానేసింది.

అడిగి వెళ్ళిన ప్రయాణం

సరిగ్గా అప్పుడే వాల్ట్ డిస్నీ ఒక బృందాన్ని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికా పర్యటనకు బయలుదేరుతున్నాడు. ఆ దేశాలతో స్నేహం పెంచుకోవాలన్న అమెరికా ప్రభుత్వ ప్రయత్నంలో అదొక భాగం. బృందంలో లీ పేరుంది. భర్తను సాగనంపి ఇంట్లో కూర్చోవడం మేరీకి నచ్చలేదు. తిన్నగా డిస్నీ దగ్గరికి వెళ్ళి తననూ తీసుకెళ్ళమని అడిగింది. ఆయన సరేనన్నాడు. ఆ ఒక్క అడగడం ఆమె జీవితాన్ని మార్చేసింది.

అంతకుముందు మేరీ వేసినవి నీటిరంగుల చిత్రాలు. మబ్బు పట్టిన ఆకాశాలు, నీడలు, దిగులు నిండిన వీధులు. బ్రెజిల్, అర్జెంటీనా, బొలీవియా, పెరూ తిరిగి వచ్చిన మేరీ వేరే మనిషి. సంతల్లో ఆడవాళ్ళు కట్టుకున్న నేత బట్టలు, వాళ్ళ టోపీలు, పిల్లల గుండ్రటి ముఖాలు, గోడల మీది రంగులు ఆమె కళ్ళలో నిలిచిపోయాయి. ఎర్రటి ఎరుపు పక్కన గులాబీ, నలుపు మీద పసుపు, ఆకుపచ్చ పక్కన ఊదా. మనవాళ్ళు చీరకూ అంచుకూ జోడీ కుదిర్చేటప్పుడు చూపించే తెగువ చూడండి, పక్కపక్కన పెడితే పోట్లాడుకుంటాయనుకున్న రంగులు కట్టుకున్నాక ఎంత బాగుంటాయో! మేరీకి పట్టుబడింది ఆ విద్యే. వెలుగునీడలతో బొమ్మకు గుండ్రదనం తేవడం మానేసింది. కాగితం కత్తిరించి అతికించినట్టుండే చదునైన ఆకారాలు, వాటిలో నిండుగా రంగు, అంతే. ఆ ప్రయాణం నుంచి పుట్టిన రెండు సినిమాలకు ఆమె కళా పర్యవేక్షకురాలైంది.

రంగుతో చెప్పిన కథ

రెండో ప్రపంచయుద్ధం ముగిసేనాటికి డిస్నీ సంస్థ 40 లక్షల డాలర్లకు పైగా అప్పుల్లో ఉంది. 1937 నాటి స్నోవైట్ లాంటి విజయం మళ్ళీ రాకపోతే తలుపులు మూసుకోవాల్సిన పరిస్థితి. ఉన్నదంతా సిండ్రెల్లా మీద పెట్టారు.

చిన్న చిన్న అట్టల మీద చిక్కటి నీటిరంగులతో మేరీ ఆ సినిమాను ముందే చూపించింది. ఆమె ఊహించిన మేడలో స్తంభాలు ఆకాశాన్నంటుతాయి. వాటి కింద సిండ్రెల్లా పిసరంత. ఆ పిల్ల ఒంటరితనం చెప్పడానికి ఒక్క కన్నీటి చుక్క కూడా వేయనక్కర్లేకపోయింది. సవతి తల్లి ఇంటికి బూడిదరంగు చలి, వెన్నెల్లో రాజభవనానికి వెళ్ళే బండికి నీలాల మధ్య తెల్లటి మెరుపు. ఏ సన్నివేశం చూస్తే ప్రేక్షకులకు ఏమనిపించాలో ముందు నిర్ణయించుకుని దాని ప్రకారం రంగు ఎంచడం ఆమె పద్ధతి.

పాటలు కూడా అలాంటివే దొరికాయి ఈ సినిమాకి. మాక్ డేవిడ్, జెర్రీ లివింగ్‌స్టన్, అల్ హాఫ్‌మన్ ముగ్గురూ కలిసి కట్టారు. సిండ్రెల్లా గొంతు ఐలీన్ వుడ్స్‌ది. తెలిసినవాళ్ళు అడిగారని 1948లో ఊరికే నమూనాగా పాడిపెడితే, ఆ రికార్డు విన్న డిస్నీ ఆమెనే ఖాయం చేశాడు. అక్కలు అపశ్రుతిలో పాటను ఖూనీ చేస్తుంటే, సిండ్రెల్లా నేల కడుగుతూ అదే పాట అందుకునే సన్నివేశం గుర్తుందా? గాలిలోకి లేచిన సబ్బు బుడగల్లో ఆమె ప్రతిబింబాలన్నీ తలో శ్రుతిలో గొంతు కలుపుతాయి. ఆ గొంతులన్నీ ఐలీన్ ఒక్కతివే. ఒకదాని మీద ఒకటి రికార్డు చేసి కలపడం ఆ రోజులకు కొత్త సంగతి. దేవత మంత్రం పాట ఆస్కార్ పోటీ దాకా వెళ్ళింది. సినిమా బ్రహ్మాండంగా ఆడింది. సంస్థ నిలబడింది.

అభిమానుల తగాదా

పాటల దగ్గర అభిమానులకు పెద్ద పేచీ లేదు. గొడవంతా బొమ్మల దగ్గరే. ఖర్చు తగ్గించుకోవడానికి చాలా సన్నివేశాలను ముందు నటీనటులతో చిత్రీకరించి, ఆ ఫిల్మును ఆధారంగా పెట్టుకుని బొమ్మలు గీశారు. అందువల్ల సిండ్రెల్లా కదలికలు నిజం మనిషిలా ఉంటాయి. మేరీ ఊహించిన చదునైన, తేలికైన బొమ్మ గుండ్రంగా, బరువుగా మారింది. ఆమె వేసిన అట్టలనూ సినిమానూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు, మేరీ కలను సగమే తెరకెక్కించారని నిష్ఠూరమాడతారు. జాక్, గస్ అనే ఎలుకలకూ లూసిఫర్ అనే పిల్లికీ ఇచ్చినంత చోటు ఆ రంగులకు ఇవ్వలేదని వాళ్ళ బాధ.

రెండో పక్షంవాళ్ళు ఒప్పుకోరు. అక్కలిద్దరూ కలిసి గౌను చించి పోగులు చేసినప్పుడు మనకు గుండె పట్టేసిందంటే, ఆ పిల్ల మనలాంటి మనిషిలా కదిలింది కాబట్టే కదా అంటారు. పాట పాడే ముఖంలో ప్రాణం ఉండాలి, కాగితం బొమ్మ పాడితే ఏడుస్తామా అని వాదన. నాకైతే ఇద్దరి మాటలోనూ నిజముందనిపిస్తుంది. మనిషిని వాళ్ళు గీశారు, ఆ మనిషి చుట్టూ ఉన్న గాలిని మేరీ వేసింది. విశాలమైన హాల్లో దారి తెలియక నిలబడిన సిండ్రెల్లాను దూరం నుంచి చూపించే చోట ఈ రెండూ కలిశాయి.

గౌను రంగు గురించి ఇంకో తగువుంది. సినిమాలో ఆ గౌను వెండి కలిసిన తెలుపు. బొమ్మల దుకాణాల్లో, పిల్లల పుస్తకాల మీద మాత్రం నీలం. జుట్టు కూడా సినిమాలో కాస్త ఎరుపు తిరిగిన బంగారు రంగైతే, బయట పచ్చటి పసుపైంది. 2012లో డిస్కుల మీద వచ్చిన ప్రతిలో రంగులు మార్చేశారనీ, సన్నటి గీతలు చెరిపేశారనీ అభిమానులు గోలపెట్టారు. 2023లో సంస్థ నూరేళ్ళ పండుగకు మళ్ళీ శుభ్రం చేసిన ప్రతి వచ్చాక చాలామంది శాంతించారు. ఒక గౌను రంగు కోసం ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. కానీ ఏ రంగు పక్కన ఏ రంగు అన్న ఒక్క ప్రశ్న మీదే జీవితం గడిపిన మనిషి చేతిపని కదా అది. ఛాయ మారితే ఆమె మాట మార్చినట్టే.

ఇల్లూ పనీ

సినిమా టైటిల్స్‌లో రంగుల విభాగం కింద మగవాళ్ళ పేర్ల మధ్య మేరీ పేరు ఒక్క క్షణం కనిపించి పోతుంది. ఆ తర్వాత 1951లో వచ్చిన ఆలిస్, 1953లో వచ్చిన పీటర్ పాన్ సినిమాల్లోనూ ఆమె చెయ్యి తెలుస్తుంది. ఈ పనంతా చేసింది దేశానికి ఒక చివర ఉండి. లీ సినిమా వ్యాపారం న్యూయార్క్‌లో కావడంతో కాపురం అక్కడికి దగ్గర్లోని లాంగ్ ఐలాండ్‌కు మారింది. ఇద్దరు మగపిల్లలు. స్టూడియో మరో చివర కాలిఫోర్నియాలో. ఇంట్లో కూర్చుని వేయడం, అవసరమైనప్పుడు విమానమెక్కి వెళ్ళి చూపించి రావడం. పిల్లల్ని పెంచుతూ ఇంట్లోంచి పనిచేసే ఆడవాళ్ళకు ఆ హైరానా వేరే చెప్పక్కర్లేదు.

1953లో డిస్నీ ఉద్యోగం వదిలేసింది. ప్రకటనలకు బొమ్మలు వేసింది, చిన్నపిల్లల పుస్తకాలకు వేసింది. రూత్ క్రౌస్ మాటలతో 1950లో వచ్చిన ఐ కెన్ ఫ్లై అనే బుల్లి పుస్తకాన్ని తరాల పిల్లలు చదువుకున్నారు. బయటికి అంతా రంగులమయం. ఇంట్లో మాత్రం భర్త తాగుడు వల్ల ఆమె చాలా పడిందని జీవితచరిత్ర రాసినవాళ్ళు చెప్పారు. ఆ దిగులు ఆమె తన బొమ్మల్లోకి రానివ్వలేదు. బొమ్మల్లో పిల్లలు నవ్వుతూనే ఉన్నారు.

మనవాళ్ళూ చూసిన బొమ్మలు

1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం డిస్నీ మళ్ళీ ఆమెకే కబురు పెట్టాడు. యునిసెఫ్‌కు కానుకగా, పడవలో కూర్చుని దేశదేశాల పిల్లల బొమ్మల మధ్యనుంచి సాగే విహారం. పేరు ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్. ఆ రూపమూ రంగులూ మేరీవి, పాట షెర్మన్ సోదరులది. 1966లో అది కాలిఫోర్నియా డిస్నీలాండ్‌కు చేరింది. ఆ తర్వాత ఫ్లోరిడా, టోక్యో, పారిస్, హాంకాంగ్‌లలోనూ కట్టారు. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళి మనవలతో ఆ పడవెక్కిన తెలుగు అమ్మమ్మలూ నాయనమ్మలూ ఎందరో ఉన్నారు. తాజ్‌మహల్ కనిపించగానే మనదేనని వేలు చూపిస్తారు. ఆ పాట మీదా అభిమానులకు ఏకాభిప్రాయం లేదు. కొందరికి అది అమృతం, కొందరికి బయటికొచ్చాక కూడా రోజంతా చెవుల్లో వదలని గోల!

1966 డిసెంబర్‌లో వాల్ట్ డిస్నీ పోయాడు. మేరీ రంగులను ఎప్పుడూ వెనకేసుకొచ్చిన మనిషి లేకుండా పోయాక ఆ సంస్థలో ఆమెకు పని పలచబడింది. డిస్నీలాండ్‌లో 1967లో ఆమె చేసిన పెద్ద గోడచిత్రాలు తర్వాతి మార్పుల్లో మరుగునపడిపోయాయి. 1971లో ఫ్లోరిడాలోని డిస్నీ హోటల్లో 90 అడుగుల ఎత్తున చేసిన పెంకుల చిత్రం మిగిలింది. అందులో ఒక మేకకు ఐదు కాళ్ళుంటాయి. చూడవచ్చినవాళ్ళు దాన్ని వెతుక్కుని మురిసిపోతుంటారు.

1978 జూలై 26న కాలిఫోర్నియాలోని సోకెల్‌లో మెదడులో రక్తస్రావంతో మేరీ కన్నుమూసింది. వయసు 66. అప్పటికి ఆమె పేరు ఆ రంగంలోవాళ్ళకు తప్ప పెద్దగా ఎవరికీ తెలియదు. 1991లో డిస్నీ సంస్థ తన మహనీయుల జాబితాలో చేర్చింది. 2003లో జాన్ కేన్‌మేకర్ ఆమె మీద పుస్తకం తెచ్చాడు. 2009లో టోక్యోలో, 2014లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద ప్రదర్శనలు జరిగాయి. చదువుకునే రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలగన్న గోడలకు మేరీ చిత్రాలు ఎక్కాయి, ఆమె పోయిన తర్వాతైనా. విచిత్రమేమంటే అలా ఎక్కినవాటిలో, ఎవరి సినిమా కోసమో వేసిన ఆ చిన్న చిన్న అట్టలూ ఉన్నాయి.

ఈసారి పిల్లలతో కలిసి సిండ్రెల్లా చూసేటప్పుడు పాటలు వింటూనే, ఆ పిల్ల వెనకాల ఉన్న గోడలనూ మెట్లనూ వెన్నెలనూ కూడా ఒకసారి చూడండి. మేరీ ఉన్నది అక్కడే.