విల్లు విడువని నౌకాసేనాని యీ సున్సిన్

కొరియా దేశమున యీ సున్సిన్ పేరెరుగని బాలుడుండడు. దక్షిణ కొరియా రాజధానియగు సియోల్ నగరమున, పూర్వపు రాజప్రాసాదమునకెదుటి వీథిలో, ఖడ్గము చేతబూని నిలిచిన ఆయన విగ్రహమును 1968లో ప్రతిష్ఠించిరి. ఆ దేశపు నూరు వొన్‌ల నాణెముపై ముద్రితమైనదియు ఆయన రూపమే. పదునారవ శతాబ్ది చివర జపాను సేనలు కొరియాపై దండెత్తినప్పుడు, సముద్రముపై వానిని ఎదిరించి, తాను నడపిన నౌకాయుద్ధములలో ఓటమి యెరుగని సేనాని ఆయన. ఇట్టి వీరుడు సైనికోద్యోగమునకై నిలిచిన తొలి పరీక్షలోనే గుర్రముపై నుండి పడి, కాలు విరుగగొట్టుకొని, ఉత్తీర్ణుడు కాలేకపోయెను. ఆయన విజయములను చెప్పుకొనువారు ఆ ఓటమిని, దాని వెనుక నడచిన సాధనను గూడ చెప్పుకొనవలెను.

సున్సిన్ 1545వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన నాటి రాజధాని హాన్‌సోంగ్‌లో, అనగా నేటి సియోల్‌లో, జన్మించెను. తండ్రి పేరు యీ జొంగ్. ఆ వంశమున పండితులును, రాజోద్యోగులును వెలసిరి. కాని సున్సిన్ పుట్టునాటికి ఆ యింటి ప్రాభవము తగ్గియుండెను. తండ్రి తన నలుగురు కుమారులకు చైనా పురాణములయందలి ఫూషీ, యావ్, షున్, యూ అను ధర్మప్రభువుల పేర్లు కలిసివచ్చునట్లు నామకరణము చేసెను. మన యిండ్లలో అన్నదమ్ములకు రామలక్ష్మణుల పేర్లు పెట్టుకొనుట వంటిదే ఇది. వారిలో మూడవవాడు సున్సిన్. తనకంటె మూడేండ్లు పెద్దవాడగు ర్యూ సొంగ్‌న్యొంగ్ ఆయనకు బాల్యమిత్రుడు. ఈ మిత్రుడే పెరిగి పెద్దవాడై రాజ్యమునకు మంత్రి యయ్యెను. తరువాత సున్సిన్ కుటుంబము రాజధానిని విడిచి ఆసాన్ ప్రాంతమునకు తరలిపోయెను.

జోసొన్ రాజ్యమని పిలువబడిన ఆనాటి కొరియాలో ఉన్నతవర్గపు యువకులకు రాజోద్యోగము లభించుటకు రెండు పరీక్షలుండెను. ఒకటి శాస్త్రపాండిత్యమునకు సంబంధించినది; రెండవది శస్త్రవిద్యకు సంబంధించినది. గౌరవము మొదటిదానికే హెచ్చు. సున్సిన్ చిన్ననాట కన్‌ఫ్యూషియసు సంప్రదాయ గ్రంథములే చదివెను. 1565లో ఆయనకు వివాహమయ్యెను. మామగారగు బాంగ్ జిన్ అంతకు పూర్వము బొసొంగ్ అను మండలమునకు అధికారిగా నుండినవాడు. గొప్ప విలుకాడని పేరు పొందినవాడు. మరుసటి యేడు, అనగా ఇరువదియొకటవ యేట, సున్సిన్ పుస్తకమును ప్రక్కనుంచి విల్లు చేతబట్టెను. ఆసాన్‌లో ఆయన నివసించిన గృహము చెంత రెండు ప్రాచీనమైన గింకో వృక్షములు నేటికిని ఉన్నవి. ఆయన విలువిద్య నభ్యసించిన తావు అదియేనని జనులు చెప్పుకొందురు.

శస్త్రవిద్యా పరీక్ష సామాన్యమైనది కాదు. కొయ్య బాణమును 240 అంగల దూరమునకును, పొట్టి బాణమును 130 అంగలకును, బరువైన ఇనుప బాణమును 80 అంగలకును వేయవలెను. పొట్టి బాణమును నేరుగా వింట సంధింపరాదు; వెదురు దొన్నెవంటి సగము గొట్టమునందుంచి విడువవలెను. తరువాత పరుగెత్తు గుర్రముపై నుండి గురి చూచి కొట్టవలెను. గుర్రముపై నుండి ఈటె నడపవలెను. గుర్రముల మీద కర్రతో బంతినాడవలెను. ఇవన్నియు ముగిసిన పిదప యుద్ధశాస్త్ర గ్రంథములందును, ధర్మశాసనములందును ప్రశ్నలుండును. కేవలము కండబలముతో ఈ పరీక్ష దాటుట అసాధ్యము.

కొరియా విల్లు చూచుటకు చిన్నది. లోపలివైపు ఎనుబోతు కొమ్ము, నడుమ వెదురు, వెలుపల పశువుల నరములు, వీని నన్నిటిని చేపతిత్తి నుండి తీసిన జిగురుతో అతికి దానిని చేయుదురు. నారిని బొటనవ్రేలితో లాగుదురు. చూచువారు చేతుల బలమునే గమనింతురు గాని, విలుకాని బలమంతయు పాదములయందుండును. రెండు పాదములును నేలపై కుదురుగా నిలువనిచో బాణము గురి తప్పును. ఇక అశ్వముపై నుండి బాణము వేయునప్పుడు రెండు చేతులును వింటికే చాలును. కళ్లెము పట్టుటకు చేయి మిగులదు. మోకాళ్ల బిగువుతోనే రౌతు తన్ను తాను నిలుపుకొని గుర్రమును నడపవలెను. ఈ విద్యకు కాలే ఆధారము.

ఆ ఆధారమే 1572లో విరిగెను. సున్సిన్‌కు అప్పుడు ఇరువదియేడేండ్లు. ఆరేండ్ల సాధన ముగించి ప్రత్యేక సైనిక పరీక్షకు వచ్చియుండెను. గుర్రపు స్వారి నడుమ గుర్రము తొట్రుపడగా ఆయన నేలబడెను. ఎడమకాలి ఎముక విరిగెను. చూచుచున్నవారు ఆయన మరణించెననియే తలచిరి. ఇంతలో ఆయన ఒంటికాలిపై లేచి, దగ్గరనున్న విల్లో చెట్టు కొమ్మ నొకదానిని విరిచి, బెరడు ఒలిచి, దానితో విరిగిన కాలిని చుట్టి కట్టెనట. పరీక్షాస్థలమందలివారు ఆ ధైర్యమునకు ఆశ్చర్యపడిరి. ఆయన అన్న కుమారుడు యీ బున్ రచించిన జీవితచరిత్రలో ఈ వృత్తాంతము కలదు. కాని ధైర్యమును చూచి పరీక్షకులు ఉత్తీర్ణత నొసగలేదు. ఆనాడు సున్సిన్ ఓడినవాడుగానే ఇల్లు చేరెను.

ఈ కథ చెప్పువారు విల్లో బెరడు కట్టుతోనే ఆగిపోవుదురు. ఆ కట్టు కట్టుటకు పట్టినది కొన్ని నిమిషములు. ఆ తరువాత గడపవలసినవి నాలుగేండ్లు. విరిగిన ఎముక అతుకుటకు నెలలు పట్టును. కదలని కాలి కండ వాడిపోవును. అతికిన కాలితో నడక మొదటినుండి నేర్వవలెను. పాదముల కుదురు మరల సంపాదింపవలెను. తన్ను పడద్రోసిన గుర్రపుస్వారినే మరల అలవరచుకొనవలెను. సున్సిన్ ఇవన్నియు చేసెను. భార్యాబిడ్డలు గలవాడు, ముప్పదేండ్లకు చేరువైనవాడు, చిన్నవారితో పాటు మరల శిష్యత్వము వహించుట సులభము కాదు. అయినను ఆయన విల్లు విడువలేదు.

1576లో జరిగిన పరీక్షలో ఆయన ఉత్తీర్ణుడయ్యెను. ఎన్నికైన 29 మందిలో ఆయన స్థానము పండ్రెండవది. ప్రథముడు కాలేదు, అందుకు చింతింపలేదు. శాస్త్రపరీక్షలో చైనా దేశపు పూర్వమంత్రి జాంగ్ లియాంగ్ సిద్ధులవెంట పోయి మృత్యువును తప్పించుకొనెనా అని పరీక్షకులడిగిరి. పుట్టినవానికి చావు తప్పదనియు, ఆ మంత్రి మరణమును చరిత్రగ్రంథము తెలుపుచున్నదనియు, తక్కినది కల్పనయే యనియు సున్సిన్ సమాధానము చెప్పెను. ఒక యోధుడు ఇంత చదివియుండుటకు పరీక్షకులు విస్మితులైరి. చిన్ననాటి చదువు ఈ విధముగా అక్కరకు వచ్చెను.

పరీక్ష గెలిచినంతమాత్రమున భాగ్యము కలిసిరాలేదు. ఉత్తరపు టెల్లలో, చలి మిక్కుటమైన సామ్సు ప్రాంతమున, మిక్కిలి చిన్న ఉద్యోగము లభించెను. 1579లో రాజధానిలో పనిచేయుచుండగా, ఒక పై అధికారి తనవానికి వరుస తప్పించి పదవి నిప్పింపజూచెను. సున్సిన్ ఒప్పుకొనలేదు. 1580లో బాల్పొ రేవున నౌకాధికారిగా నుండగా, మరియొక అధికారి వీణవంటి వాద్యము చేయించుకొనుటకై కార్యాలయ ప్రాంగణమందలి చెట్టును నరికింపబోయెను. అది ప్రభుత్వపు సొత్తని సున్సిన్ అడ్డుపడెను. తొలుత విరోధించిన అధికారియే 1582లో తనిఖీకి వచ్చి, ఆయుధములు సరిగా లేవని వ్రాసి, ఆయన ఉద్యోగమును పోగొట్టెను.

1587లో తుమెన్ నదీముఖమున నొక్తున్ అను దీవిని కాపాడు బాధ్యత ఆయనపై బడెను. సైన్యము చాలదని ముందే విన్నవించినను పై అధికారి యీ ఇల్ పంపలేదు. జుర్చెనులు హఠాత్తుగా పైబడిరి. ఆ పోరులో ఎడమతొడలో బాణము గ్రుచ్చుకొనగా, తనవారు బెదరకుండునట్లు ఆయన రహస్యముగా దానిని పెరికివేసికొనెనట. నాడు విరిగినదియు ఎడమకాలే. శత్రువులను తరిమి, బందీలైన అరువదిమందిని విడిపించుకొని వచ్చినను, జరిగిన నష్టమునకు నింద ఆయనపైనే పడెను. పదవి పోయి, సామాన్య సైనికునిగా పనిచేయవలసి వచ్చెను. మరుసటి యేడు పోరులో యోగ్యత చూపి ఆ శిక్షనుండి విముక్తుడయ్యెను.

1591లో మిత్రుడు ర్యూ సొంగ్‌న్యొంగ్ సిఫారసుపై ఆయన జొల్లా మండలపు ఎడమభాగ నౌకాదళమునకు అధిపతి యయ్యెను. యోసు రేవున చేరినది మొదలు నౌకలను బాగుచేయించెను, ఫిరంగులు పోయించెను, పైకప్పుపై ఇనుపమేకులు అమర్చిన కూర్మనౌకను నిర్మింపజేసెను. 1592 మే 22న ఆ నౌకపై ఫిరంగులను ప్రేల్చి పరీక్షించెను. ఆనాటి మధ్యాహ్నమే యథాప్రకారము విలువిద్య సాధన చేసెను. మరునాడే హిదెయోషి పంపిన జపాను సేనలు బూసాన్ తీరమున దిగెను. మూడు వారములలో రాజధాని వారి వశమయ్యెను.

నేలమీద అంతటను పరాజయమే వినబడుచుండగా, సముద్రముమీద సున్సిన్ నిలిచెను. జపానువారు తుపాకులు పేల్చుచు దగ్గరకు వచ్చి, ఎదిరి ఓడలోనికి దుమికి, కత్తియుద్ధము చేయుటయందు నేర్పరులు. కావున వారిని దగ్గరకు రానీయక, దూరమునుండియే ఫిరంగులతోను బాణములతోను కొట్టవలెనని ఆయన నిశ్చయించెను. సాచొన్ యుద్ధమున కూర్మనౌక తొలిసారి పోరు చేసెను. ఆనాడే ఆయన ఎడమ భుజమున తుపాకిగుండు తగిలెను. అయినను యుద్ధము ముగియువరకు నిలిచెను. 1592 ఆగష్టు 14న హన్సాన్ దీవి చెంత, కొంగ రెక్కలు చాచినట్లు నౌకలను వ్యూహము పన్ని, 73 శత్రునౌకలలో 59ని ధ్వంసము చేసియు, చేజిక్కించుకొనియు జయము పొందెను. దానితో సముద్రమార్గమున ఆహారసామగ్రి చేర్చుకొనవలెనను జపానువారి ప్రయత్నము చెడెను.

1593లో మూడు మండలముల నౌకాదళమునకు ప్రధానసేనాని యై, హన్సాన్ దీవిని స్థావరముగా చేసికొనెను. ఆయన యుద్ధదినచర్య చదివినవారికి, నేడు విలువిద్య సాధన జరిగెనను మాట పదేపదే కనబడును. వర్షము, జ్వరము, దుర్వార్త, ఏవియో కొన్ని తప్ప ఆ సాధనకు అడ్డులేదు. ఆ దీవిలో నిలుచుటకొక గట్టు, గురికి ఎదుటి గట్టు, నడుమ సముద్రపు పాయ ఉండునట్లు అభ్యాసస్థలమును ఏర్పరచిరి. ఆ దూరము సుమారు 145 మీటర్లు. నీటిమీద దూరమును కంటితో కొలుచు నేర్పు సైనికులకు దీనివలన అలవడెను. 1594లో ఆయన దీవియందే సైనిక పరీక్ష జరిపించి, నూరుమందిని ఎన్నిక చేసెను. దీవిలో గుర్రము పరుగెత్తుటకు చోటు లేదు గనుక, అశ్వముపై నుండి బాణము వేయుటకు బదులు పొట్టి బాణపు పరీక్ష నుంచుటకు ప్రభుత్వమును కోరెను. ఒకనాడు గుర్రపు పరీక్షలో పడినవాడే, నావికులకు తగిన పరీక్ష యేదో నిర్ణయించెను.

1597లో మరల పతనము కలిగెను. శత్రువుల వంచనను శంకించి, రాజాజ్ఞ ప్రకారము నౌకలను నడపలేదను నేరమున ఆయనను బంధించి రాజధానికి కొనిపోయిరి; హింసించిరి. మరణదండన తప్పి, రెండవసారి సామాన్య సైనికుడయ్యెను. కుమారుని చూడవచ్చుచు తల్లి దారిలో మరణించెను. ఇంతలో వొన్ గ్యున్ నాయకత్వమున నౌకాదళము చిల్చొన్‌ర్యాంగ్ చెంత దాదాపు నశించెను. రాజు సొంజో సున్సిన్‌ను మరల సేనానిగా నియమించెను గాని, నౌకాదళమును విడిచి నేలపై పోరాడుట మేలని తలచెను. తనకింకను పండ్రెండు నౌకలున్నవనియు, తాను బ్రతికియుండగా శత్రువు చులకన చేయజాలడనియు సున్సిన్ విన్నవించెను. అక్టోబరు 26న మ్యొంగ్న్యాంగ్ జలసంధిలో, పోటుపాటుల వేగమును ఉపయోగించుకొని, పదమూడు నౌకలతో 133 నౌకల నెదిరించి గెలిచెను. అనతికాలమునకే మూడవ కుమారుడు ఆసాన్‌లో శత్రువుల చేతిలో మడిసెనను వార్త వచ్చెను. దినచర్యలో ఆ తండ్రి దుఃఖము అణచిన కొలది పొంగివచ్చినది.

1598 డిసెంబరు 16న నోర్యాంగ్ జలసంధిలో తుది యుద్ధము జరిగెను. మరలిపోవు శత్రువులను తరుముచుండగా ఆయనకు తుపాకిగుండు తగిలెను. తన మరణమును సైన్యమునకు తెలియనీయవద్దని ప్రక్కనున్నవారికి చెప్పి ప్రాణము విడిచెను. భేరి మ్రోగుచునే యుండెను, జయము లభించెను. 1643లో రాజు ఆయనకు చుంగ్ముగోంగ్ అను బిరుదమిచ్చెను. 1706లో ఆసాన్‌లో ఆయనకు స్మారకమందిరము వెలసెను. 2013లో ఆయన దినచర్యను యునెస్కో ప్రపంచ స్మృతిపట్టికలో చేర్చిరి.

ఈ జీవితమున ఓటములు తక్కువ గావు. పరీక్షలో ఓటమి, ఉద్యోగమున అపకీర్తి, మూడుమారులు పదవీభ్రష్టత, చెరసాల. ప్రతిసారియు ఆయన చేసినది ఒక్కటే: మరునాడు తన పని తాను మొదలు పెట్టుట. పరీక్ష తప్పిన విద్యార్థికి ఓదార్పు చెప్పవలసివచ్చిన ఉపాధ్యాయుడు, పండ్రెండు నౌకల వీరునికంటె ముందు, అతికిన కాలితో మరల గుర్రమెక్కిన ఆ యువకుని కథ చెప్పుట మంచిది.