అనిల్ అగర్వాల్: ఢిల్లీ గాలికి లెక్క అడిగిన పాత్రికేయుడు

పొగ కంటికి కనిపిస్తుంది. అందులోని విషం కనిపించదు. ఆ కనిపించని దానిని కొలిచి, ఫలితాన్ని ప్రజల ముందు ఉంచినప్పుడే కాలుష్యానికి కళ్లెం పడుతుందని విశ్వసించిన పర్యావరణవేత్త అనిల్ అగర్వాల్.

1947లో జన్మించిన ఆయన ఐఐటీ కాన్పూర్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివారు. ఇంజినీరు ఉద్యోగాన్ని కాదని, 1973లో ఢిల్లీలోని హిందుస్థాన్ టైమ్స్‌లో సైన్స్ విలేకరిగా చేరారు. హిమాలయ గ్రామాలలో చిప్కో ఉద్యమాన్ని పరిశీలించడంతో, పర్యావరణం పేదల బతుకుతెరువుకు సంబంధించిన విషయమని గ్రహించారు. 1980లో ఢిల్లీలో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్‌ను స్థాపించారు. దేశ పర్యావరణ స్థితిపై పౌరుల నివేదికను 1982లో, డౌన్ టు ఎర్త్ పత్రికను 1992లో వెలువరించారు.

ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని పరీక్షించడం తేలికైన పని కాదు. ఎత్తున ఉన్న రంధ్రంలోకి నమూనా నాళాన్ని చొప్పించి, లోపలి పొగ ఎంత వేగంతో సాగుతుందో అంతే వేగంతో దానిని లాగాలి. వేగం తప్పితే ధూళి లెక్క తప్పుతుంది. ఇంత చేసినా తెలిసేది ఆ కొన్ని గంటల స్థితి మాత్రమే. ఆ అంకెలు సైతం సామాన్యుడికి అందడం అరుదు. ఈ లోటును పూరించేందుకు అగర్వాల్ సంస్థ 1997లో పరిశ్రమలకు హరిత రేటింగు ఇచ్చే ప్రాజెక్టును చేపట్టింది. ముడిసరుకు మొదలు వ్యర్థాల వరకు పరిశీలించి, కాగితపు మిల్లుల ఫలితాలను 1999లో బహిరంగపరచింది. చట్టంతో పాటు, పరువు పోతుందన్న భయం కూడా పరిశ్రమలను దారికి తెస్తుందన్నది దీని వెనుక ఆలోచన.

1994లో ఆయనకు క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. చికిత్స పొందుతూనే పోరాటాన్ని కొనసాగించారు. వాహన కాలుష్యం నెమ్మదిగా సాగే హత్య అంటూ 1996లో ఆయన సంస్థ పుస్తకం ప్రచురించింది. డీజిల్ వాహనాల తనిఖీలో పొగ నలుపును చూసేవారే గాని, ఊపిరితిత్తుల లోతుకు చేరే సూక్ష్మ ధూళిని తూచేవారు కాదు. పరీక్షలో నెగ్గిన వాహనం నిరపాయకరమని చెప్పలేని పరిస్థితి అది. 1998లో భూరేలాల్ అధ్యక్షతన ఏర్పడిన కాలుష్య నియంత్రణ ప్రాధికార సంస్థలో అగర్వాల్ సభ్యులయ్యారు. ఢిల్లీ బస్సులన్నిటినీ 2001 మార్చి 31లోగా సీఎన్‌జీకి మార్చాలని అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. గడువు తీరినా మార్పు పూర్తి కాలేదు.

పద్మశ్రీ, పద్మభూషణ్ పురస్కారాలు అందుకున్న అగర్వాల్ 2002 జనవరి 2న, 54వ ఏట డెహ్రాడూన్‌లో కన్నుమూశారు. డీజిల్ బస్సుల మార్పిడి ఆ ఏడాది చివరికి పూర్తయింది. దానిని చూసేందుకు ఆయన లేరు.

అధిక కాలుష్యకారకమైన 17 తరహాల పరిశ్రమలు నిరంతర పర్యవేక్షణ పరికరాలు అమర్చుకోవాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. పరికరం సరైన అంకెనే చూపుతోందా, ఆ అంకె చుట్టుపక్కల నివసించేవారికి అందుతోందా అన్నవి అగర్వాల్ మిగిల్చి వెళ్లిన ప్రశ్నలు. ప్రతి చలికాలం పొగమంచులో ఉక్కిరిబిక్కిరయ్యే రాజధాని ప్రాంతానికి అవి నేటికీ పాతబడలేదు.