అంకెల తపస్వి ఎడ్వార్ లూకా

ఫ్రాన్సు దేశమున ఆమియెన్ పట్టణమందు 1842వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఎడ్వార్ లూకా జన్మించెను. విద్య ముగించి పారిస్ నక్షత్రశాలలో కొంతకాలము పనిచేసెను. 1870లో ప్రష్యాతో యుద్ధము రాగా ఫిరంగిదళమున సేనాధికారియై పోరెను. యుద్ధానంతరము మొదట చిన్న పట్టణమునను, పిమ్మట పారిస్ నగరమునను బడిపంతులై జీవించెను.

ఒకటిచేతను తనచేతను దప్ప మఱి యే సంఖ్యచేతను నిశ్శేషముగ భాగింపబడని సంఖ్యను అభాజ్య సంఖ్య యందురు. 67 రెండ్లను గుణించి ఒకటి తీసివేసినను, 127 రెండ్లను గుణించి ఒకటి తీసివేసినను అభాజ్యములే వచ్చునని మెర్సెన్ అను ఫ్రెంచి సన్న్యాసి 1644లో వ్రాసెను గాని నిరూపింపలేదు. రెండవదానిలో 39 అంకెలు కలవు: 170141183460469231731687303715884105727. దీనిని ఒక్కొక్క సంఖ్యచే భాగించి చూడబూనిన ఎందఱి యాయువులును చాలవు.

లూకా వేఱొక మార్గము కనుగొనెను. దానిని చిన్న సంఖ్యయందు చూడవచ్చును. 7 రెండ్ల లబ్ధమునుండి ఒకటి తీసిన 127 వచ్చును. 3తో మొదలిడి, వచ్చిన సంఖ్యను దానిచేతనే గుణించి 2 తీసివేయవలెను. 127ను మించినచో 127చే భాగించి శేషమునే గ్రహింపవలెను. వరుసగ 3, 7, 47, 48, 16, 0 వచ్చును. ఆఱవ స్థానమున సున్న వచ్చుటచే 127 అభాజ్యమని తేలును. 7, 67, 127 రెండ్ల లెక్కలు మూడింటికిని ఈ రీతియే చెల్లును.

39 అంకెల సంఖ్యకు ఇట్టి గుణకారములు 125 కావలెను. ఒక్క అంకె తప్పిన శ్రమ యంతయు వ్యర్థము. 1876లో లూకా యంత్రసహాయము లేక ఆ సంఖ్య అభాజ్యమని ప్రకటించెను. 67 రెండ్ల సంఖ్య అభాజ్యము కాదనియు ఆతడే తేల్చెను. దాని కారణాంకములు 1903లో గాని దొరకలేదు. అమెరికాలో కోల్ అను పండితుడు వానిని కనుగొనెను.

ఇంతటి పండితుడు ఆటలను చిన్నచూపు చూడలేదు. 1883లో తన పేరును, ఊరిపేరును తాఱుమాఱు చేసి సియాం పండితుని పేరు కల్పించుకొని, హనోయి గోపురమను ఆటను వెలువరించెను. అందు ఎన్ని బిళ్ళలున్నవో అన్ని రెండ్ల లబ్ధమునకు ఒకటి తక్కువగా కదలికలు కావలెను. కాశీ దేవాలయమున 64 బంగారు బిళ్ళలు కలవను కట్టుకథయు దానితో ప్రచారమందెను.

1891లో ఒక విందున పళ్ళెము పగిలి, ముక్క యొకటి ఆతని చెక్కిలికి తగిలెను. గాయము విషమించి అక్టోబరు 3వ తేదీన, 49 ఏండ్ల వయస్సున మరణించెను. సంఖ్యాశాస్త్ర గ్రంథము మొదటి సంపుటము మాత్రమే ఆ యేట వెలువడెను. తక్కినది ఆతనితోనే పోయెను.

అయినను ఆతని లెక్క నిలిచెను. 1914లో ఫోకాంబెర్గ్ మరల గణించి దానిని స్థిరపఱచెను. 1951 వఱకు 75 ఏండ్లు అంతకు పెద్ద అభాజ్య సంఖ్య ఎవరికిని దొరకలేదు. 2024లో దొరకిన 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలుగల సంఖ్యయు, లెమర్ అను పండితుడు సంస్కరించిన లూకా పరీక్షచేతనే ధ్రువపడెను. కాగితము, కలము చేతనున్న బాలుడెవడైనను 3, 7, 47 అను ఆ వరుసను నేడే లెక్కించి చూడవచ్చును.