గిటారుకు రూపమిచ్చిన వడ్రంగి

సంగీతసభలో వాద్యము మ్రోగినపుడు శ్రోతలు వాదకుని మెచ్చుకొందురు, కృతికర్తను స్మరింతురు. ఆ వాద్యమును చెక్కిన చేతులు ఎవరివని అడుగువారు అరుదు. పనసమ్రానును తొలిచి బొబ్బిలి వీణను తీర్చిన సర్వసిద్ధివారి పేరు ఎరుగనివారు సయితము ఆ వీణానాదమునకు తల యూపుచునే యున్నారు. పాశ్చాత్య దేశములందును వాద్యశిల్పుల గతి ఇంతకు భిన్నము కాదు. నేడు ప్రపంచమునందలి సంగీతశాలలలో వినవచ్చు ఆరుతీగల గిటారు యొక్క ఆకారము, కొలతలు, లోపలి కట్టుబడి చాలవఱకు ఒక్క మనుష్యుని చేతిలో స్థిరపడినవి. ఆయన స్పెయిన్ దేశీయుడు, పేరు ఆంటోనియో డి టోరెస్.

టోరెస్ 1817వ సంవత్సరము జూన్ 13వ తేదీన దక్షిణ స్పెయిన్‌లోని అల్మేరియా పట్టణ సమీపమున ఒక చిన్న గ్రామమున జన్మించెను. తండ్రి పన్నులు వసూలు చేయు చిరుద్యోగి. పండ్రెండవ యేట ఆ బాలుడు వడ్రంగము నేర్చుకొనుటకు పనిలో చేరెను. 1833లో స్పెయిన్‌లో సింహాసనము కొఱకు అంతర్యుద్ధము చెలరేగెను. యువకులను బలవంతముగ సైన్యమునకు తరలించుచుండిరి. వివాహితులకు మాత్రము మినహాయింపు ఉండెను. అందుచే తల్లిదండ్రులు త్వరపడి 1835లో అతనికి పెండ్లి చేసిరి. వధువునకు పదుమూడేండ్లు. సైన్యమునుండి రక్షణ దొరికినదే కాని, సంసారభారము పదునెనిమిదేండ్లకే అతని మూపున పడెను. కలిగిన ముగ్గురు పిల్లలలో ఇద్దరు చిన్నతనముననే మరణించిరి. ఋణములు పెరిగెను. 1845లో భార్య ఇరువదిమూడవ యేట క్షయవ్యాధిచే గతించెను.

గ్రెనడా పట్టణమున హోసే పెర్నాస్ అను శిల్పియొద్ద టోరెస్ గిటారు నిర్మాణమును అభ్యసించెనని చెప్పుదురు. పిమ్మట అతడు సెవిల్ నగరము చేరి, మరియొక శిల్పితో కలిసి ఒక దుకాణములో పని చేసికొనుచుండెను. అప్పటికి అతడు పలువురిలో ఒకడు మాత్రమే. ఆ దశలో అతని జీవితమునకు దారి చూపినవాడు హూలియన్ ఆర్కాస్. ఆయన కూడ అల్మేరియా ప్రాంతమువాడే. ఆ కాలపు గిటారు విద్వాంసులలో అగ్రగణ్యుడు. టోరెస్‌లోని ప్రతిభను గుర్తించి, గిటార్ల నిర్మాణమునే వృత్తిగా చేపట్టుమని ప్రోత్సహించినది ఆయనయే. 

ఆర్కాస్ వంటి వాదకునకు కావలసినదేమి? ఆనాటి గిటారు చిన్నది; దాని ధ్వని మృదువైనది. ఇంటి చావడిలో నలుగురు కూర్చుండి వినుటకు అది చాలును. వందలమంది చేరిన సభలో వెనుక వరుసకు వినిపించుటకు చాలదు. పియానో మ్రోగెడి కాలమున గిటారు తన గౌరవమును నిలుపుకొనవలెనన్న దానికి గంభీరమైన గొంతు కావలెను. పెద్దధ్వని యొక్కటే యుండిన లాభము లేదు, మాధుర్యము చెడరాదు. వాదకుని ఈ కోరికకు కొయ్యతో సమాధానము చెప్పుటయే టోరెస్ జీవితకార్యమయ్యెను.

ఆయన గిటారు దేహమును విశాలము చేసెను. తీగ మ్రోగెడి పొడవు 65 సెంటీమీటర్లు ఉండునట్లు అమర్చెను. ఆ కొలతయే తరువాతి శిల్పులకు ప్రమాణమైనది. అన్నిటికంటె ఎక్కువ శ్రద్ధ ఆయన పైపలక మీద నిలిపెను. తీగల కదలికను గాలిలోనికి చేరవేయునది ఆ పలకయే. అది దళసరియైనచో కదలదు. మిక్కిలి పలుచనైనచో తీగల లాగుడుకు వంగిపోవును. టోరెస్ స్ప్రూసు కొయ్యను పలుచగ చిత్రిక పట్టి, కొంచెము ఉబ్బెత్తుగ నిలిపి, అడుగున ఏడు సన్నని బద్దలను విసనకఱ్ఱ పుల్లలవలె పఱచి అంటించెను. ఇట్టి బద్దల నమరిక ఆయనకు పూర్వమును స్పెయిన్‌లో ఉన్నదే. పలక పలుచదనమునకు, బద్దల బలమునకు గల పొత్తును కచ్చితముగ కుదిర్చిన కీర్తి మాత్రము ఆయనది. 1856లో చేసిన యొక గిటారుకు ఆడసింహము అను పేరు వచ్చెను. ఆర్కాస్ దానిని తన సభలలో వాయించెను. 1858లో సెవిల్ ప్రదర్శనమున టోరెస్‌కు పతకము లభించెను.

గిటారు నాదమునకు మూలము వెనుక పలకయా, ప్రక్కలా, పైపలకయా అను సంశయము ఉండెను. దీనిని వాదముతో గాక పనితో తీర్చుటకు ఆయన పూనుకొనెను. 1862లో పైపలకను మంచి కొయ్యతోను, వెనుక భాగమును, ప్రక్కలను కాగితపు అట్టతోను చేసి ఒక గిటారును నిర్మించెను. ఆ అట్టగిటారు సయితము చక్కగ పలికెను. పైపలకయే ప్రాణమని తేలినది. ఆ గిటారు నేటికిని బార్సిలోనా సంగీత ప్రదర్శనశాలలో భద్రముగ ఉన్నది. 

1869లో ఒక యువకుడు తన పోషకుడగు ధనికుని వెంట సెవిల్‌లోని ఆయన దుకాణమునకు వచ్చెను. అతడు ఫ్రాన్సిస్కో టారెగా. వయస్సు పదునేడేండ్ల లోపు. టోరెస్ మొదట వారికి ఒక సాధారణమైన గిటారును చూపెనట. కుఱ్ఱవాడు దానిని అందుకొని వాయింపసాగెను. శిల్పి కొంతసేపు విని, లేచి లోనికి వెళ్లి, 1864లో తాను చేసి తనకై దాచుకొనిన గిటారును తెచ్చి అతని చేతికిచ్చెనని చెప్పుదురు. ధనమిచ్చువాడు పోషకుడే కాని, గిటారును సంపాదించినది ఆ కుఱ్ఱవాని వ్రేళ్లు. టారెగా ఆ గిటారును దాదాపు ఇరువది యేండ్లు వాయించి, స్పెయిన్‌లో గిటారు విద్యకు నూతనయుగమును తెచ్చెను. అతని శిష్యులలో మిగెల్ ల్యోబెట్ సయితము టోరెస్ చేసిన గిటారునే వాయించెను.

ఇంతటి కీర్తి వచ్చినను టోరెస్ ఇంట సిరి నిలువలేదు. 1868లో ఆయన మరల వివాహము చేసికొనెను. 1870 ప్రాంతమున సెవిల్ దుకాణమును మూసివేసి, సొంత ఊరికి మరలి, పింగాణి సామానులు, గాజు పాత్రలు అమ్ముకొను అంగడి పెట్టెను. ఆయన వంటివాడు ఉలి విడిచి గిన్నెలు, పళ్లెములు లెక్కపెట్టుకొనుచు కూర్చుండవలసి వచ్చుట విచారకరము. ఐనను చేతికి అబ్బిన విద్య ఊరకుండనీయదు. 1875 నాటికి ఆయన తీరిక వేళలలో గిటార్లు చేయుట మరల ఆరంభించెను. అప్పటినుండి చేసిన వానిపై రెండవ దశ అని గుర్తు వేసి, వరుస సంఖ్యలను వ్రాసెను. 1883లో రెండవ భార్యయు మరణించెను. ఆ దుఃఖమును ఆయన పనిలో మఱచెనేమో, ఆ తరువాత ఏటికి సుమారు పండ్రెండు గిటార్లు చేసెను.

తుదిదినములలో చేతులు వణకుచుండ, పొరుగుననున్న ఒక యువ మతగురువు పనులలో సాయపడుచుండెను. ఒకనాడు ఎవరో నీ పనిలోని రహస్యమేమని అడుగగా, అది తన బొటనవ్రేలి కొనలోను చూపుడువ్రేలి కొనలోను ఉన్నదనియు, పలక మందము సరిపోయినదో లేదో ఆ రెండును తనకు తెలుపుననియు, దానిని వేరొకరికి ఇచ్చుట తన చేత కాదనియు ఆయన సమాధానమిచ్చెనని ఆ గురువు పిమ్మట 1931లో ఒక లేఖలో తెలిపెను. టోరెస్ 1892 నవంబరు 19వ తేదీన డెబ్బదియైదవ యేట కన్ను మూసెను.

రహస్యము వ్రేళ్లతో పోయినను, రూపము పోలేదు. మ్యూనిక్ నగర శిల్పి హెర్మన్ హౌజర్ ల్యోబెట్ వాయించిన టోరెస్ గిటారును పరిశీలించి ఆ మార్గమున పని చేసెను. టోరెస్ మరణించిన కొలది మాసములకు, 1893లో, జన్మించిన ఆండ్రెస్ సెగోవియా 1937లో హౌజర్ చేసిన గిటారును చేపట్టి, లోకమంతట మ్రోగించెను. టోరెస్ చేసినవి మూడువందలకు పైబడియుండునని పరిశోధకుల అంచనా. వానిలో జాడ తెలిసినవి నూటికి లోపే. 1987లో హోసే రోమనిల్యోస్ అను శిల్పి ఆయన జీవితమును గ్రంథరూపమున ప్రకటించువఱకు, వాని కర్త కథయు చాలవఱకు మరుగుననే యుండెను.

ఏట్లాడకొక గిటారు చేయించుకొనగోరి శిల్పియొద్దకు వెళ్లువారు నేడును ఉన్నారు. వాదకుని వ్రేళ్ల తీరును విని, అతనికి తగిన పలకను తట్టి చూచి ఎన్నుకొను శిల్పులును ఉన్నారు. వారిలో పెక్కురు ఎరిగియో ఎరుగకయో టోరెస్ గీచిన గీతల మీదనే రంపమును నడుపుచున్నారు. చదువు, ధనము, అధికారము ఏవియు లేని వడ్రంగి తన చేతిపనిని తుదివఱకు విడువకుండుటచే ఒక వాద్యమునకు స్థిరరూపము ఏర్పడినది. తీగ మీటినవాని పేరు సభలో మ్రోగును. కొయ్యను ఎరిగినవాని పనితనము ఆ మ్రోతలోనే నిలిచియుండును.